ఉన్ని మిల్లులో పెంచలమ్మ ముడులు

సముద్రంలో కనిపించకుండా పోయిన నా అల్లుడు శీనయ్య స్వెట్టర్‌ను, నేను చూస్తుండగానే, ఉన్ని మిల్లు వాళ్ళు మెషీన్‌లో వేసి పీచు చేశారు. ఆపమన్నాను. ఆపలేదు. ఆ తర్వాత అలాంటి స్వెట్టర్ ఏదీ మా మిల్లులోకి రాలేదన్నారు.

జరిగిన అన్యాయం ఇంతే. మిగతావన్నీ దాని వెనకా ముందూ సంగతులు. వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు కాబట్టి రాస్తున్నాను.

దయ్యాల సంగతి చదువుదామని కూర్చున్నవాళ్ళు నా దగ్గర నిరాశపడతారు. గాలి, సోకు, అంత్రం, తాయెత్తు, వీటితో నేను జీవితమంతా పోట్లాడినవాణ్ణి. మా పాళెం పక్క సర్వితోపులో కొరివిదయ్యం తిరుగుతోందని ఆడవాళ్ళు అటు పోవడం మానేస్తే, నేనే పోయి కూర్చుని, పీతలు పట్టుకునేవాడి బ్యాటరీ లైటు అని తేల్చి వచ్చాను. వాణ్ణి తీసుకొచ్చి అందరి ముందూ నిలబెట్టాను కూడా. అయినా సగం మంది దయ్యమే అన్నారు. అట్లాంటి జనం మధ్య అరవై డెబ్భై ఏళ్ళు బతికాను.

నేను బడికి పోలేదు. పడవల మీద రాసిన పేర్లు, ఐసు పెట్టెల మీది అక్షరాలు, చేపలు చుట్టి ఇచ్చే పాత పేపర్లు, ఇవే నా పుస్తకాలు. తర్వాత పేపరు మొత్తం చదవడం వచ్చింది, ఆ తర్వాత అర్జీ రాయడం వచ్చింది. అర్జీ రాయడం వచ్చిన దగ్గరనుంచీ ఆఫీసుల్లో నేనంటే ఎవరికీ పడదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మిల్లు వాళ్ళు నా మాట కొట్టిపారేయడానికి మొదట వాడుకున్నది దీన్నే. ఈ ముసలాయన గొడవకే వచ్చాడన్నారు.

గొడవకే వెళ్ళాను. కాదనను. కానీ స్వెట్టర్ కోసం కాదు.

కోట నుంచి నాయుడుపేట పోయే దారికి కాస్త లోపలగా ఆ మిల్లు ఉంది. మా జిల్లా గొర్రెను చూసినవాళ్ళకు తెలుసు. పొడుగు కాళ్ళు, నున్నటి ఒళ్ళు, ఒంటి మీద పొట్టి బొచ్చు తప్ప ఉన్ని ఉండదు. గొర్రెకే ఉన్ని లేని చోట ఉన్ని మిల్లు ఎందుకు పెట్టారని నేను మొదటి రోజే అడిగాను. మా దగ్గర కంబళి కప్పుకుంటే చెమటకు నానిపోతారు. తర్వాత తెలిసింది. చలిదేశాల్లో జనం వాడి పారేసిన కోట్లు, స్వెట్టర్లు ఓడల మీద మూటలుగా వస్తాయి. వాటిని చింపి పీచు చేస్తారు. ఆ పీచుతో మళ్ళీ నూలు వడికి, కంబళ్ళు నేసి ఉత్తరాదికి పంపుతారు. రేవు దగ్గర, కూలి చవక. అందుకని ఇక్కడ.

ఆ మిల్లు మూతపడి, చేతులు మారి, మళ్ళీ నడవడం మొదలుపెట్టాక మా ఉప్పుకాలువ నీళ్ళు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా పారడం మొదలైంది. పీతలు తేలిపోయాయి. నేను అర్జీలు రాశాను. చివరికి మిల్లు వాళ్ళే పాళెం పెద్దలకు కబురు పెట్టారు. రండి, మా పని అంతా తిరిగి చూడండి, దాచేదేమీ లేదు అని. దాచేదేమీ లేదని ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు చెబితే నాకు అక్కడే అనుమానం.

ఇక నా అల్లుడి సంగతి. శీనయ్య మా పాళెంవాడే. నా కూతురు పెంచలమ్మను చేసుకున్నాడు. మంచి వేటగాడు. ఒక్కటే లోపం, చలిగాలి తగిలితే ఉబ్బసం. తెల్లవారుజామున పడవ తీస్తే పొద్దెక్కేదాకా ఎగశ్వాస. డాక్టరు ఛాతీని వెచ్చగా ఉంచుకోమన్నాడు. మా దగ్గర వెచ్చటి బట్ట ఎవరు అమ్ముతారు. పెంచలమ్మ నాయుడుపేట పోయి ఉన్ని ఉండలు కొనుక్కొచ్చింది.

స్వెట్టర్ అల్లడం దానికి రాదు. దానికి వచ్చిందల్లా వల. వల అల్లే వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, చిన్న కన్ను వలకు కొలతగా పెట్టే చెక్కముక్క పెట్టి, ఒక్కో కన్నుకు ఒక్కో ముడి వేసుకుంటూ, చేతుల్లేని స్వెట్టర్ ఒకటి తయారు చేసింది. అంటే అది అల్లిన బట్ట కాదు, ఉన్నితో కట్టిన వల. అంత దగ్గరగా ముడులు వేసింది కాబట్టి బరువుగా, మందంగా, గరుకుగా వచ్చింది. ఇటుకరంగు ఉన్ని మెడ దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది. మిగిలింది చిలకపచ్చతో ముగించింది.

పాళెంలో నవ్వనివాళ్ళు లేరు. "ఎమ్మే పెంచలా, మొగుడికి స్వెట్టర్ కట్టినావా, పీతలకు వల కట్టినావా" అని రమణమ్మ అడిగింది. రమణమ్మది మా వీధి చివరి ఇల్లు. శీనయ్య అది తొడుక్కుని వీధిలోకి వచ్చి, "ఏదయితే ఏంది వదినా, చిక్కుకున్నది నేనే గదా" అన్నాడు. ఆ మాటకు రమణమ్మే ఎక్కువ నవ్వింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. పెంచలమ్మది ఎడమచేతి వాటం. వల కట్టడం నేర్పింది నేనే. ఎంత నేర్పినా దాని ముడి మిగతావాళ్ళ ముడికి ఎదురుగా, అటుపక్కకి పడుకుంటుంది. చీకట్లో ఇచ్చినా వేళ్ళతో తడిమి ఇది పెంచలమ్మ ముడి అని చెప్పగలను. మా పాళెంలో ఇంకెవరిదీ ఎడమచేతి వాటం కాదు. ఉన్నితో వల కట్టినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకొకరు ఉంటారని నేను అనుకోను.

ఆ స్వెట్టర్ వేసుకునే శీనయ్య ఆ రోజు పడవ ఎక్కాడు. ఒడ్డున పెంచలమ్మ ఉంది, నేనూ ఉన్నాను. పడవ తోసినవాళ్ళలో నేను ఒకణ్ణి. మబ్బు పట్టింది గానీ వాయుగుండం అని ఎవరూ చెప్పలేదు. ఇద్దరు వేటకు పోయారు. తర్వాత శ్రీహరికోట వైపు పడవ బోర్లాపడి దొరికింది. రెండో మనిషి శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. శీనయ్య రాలేదు.

మనిషి దొరక్కపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయడం మాలో ఉంది. శీనయ్య తల్లీ అన్నలూ అది చేసేద్దామన్నారు. పెంచలమ్మ ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు. ఏడాది గడిచింది, ఇంకో ఏడాది వచ్చింది. అత్త మంచం పట్టింది. కొడుక్కి కర్మ జరగకుండా కళ్ళు మూయలేనని ఏడ్చింది. చివరికి పెంచలమ్మ సరేనంది. కార్తీకం వెళ్ళాక రోజు పెట్టుకోమంది.

ఆ కార్తీకంలోనే మేం మిల్లు చూడడానికి పోయాం.

పాళెం నుంచి పెద్దలు నలుగురైదుగురం. నా బామ్మర్ది పోలయ్య కూడా ఉన్నాడు. మమ్మల్ని తిప్పినవాడు సూపర్వైజర్ ప్రసాదు. నెల్లూరువాడు. తెల్లచొక్కా, చేతిలో సెల్లు, మాటకు ముందు నవ్వు. అతనంటే నాకు మొదటినుంచీ గిట్టలేదు.

మిల్లును వెనకనుంచి ముందుకు చూపించాడు. మామూలుగా అయితే ముడిసరుకు దగ్గర మొదలుపెట్టి, తయారైన సరుకు దగ్గర ఆపాలి. ఇతను తయారైన కంబళ్ళ గదిలో మొదలుపెట్టాడు. గేటు ఆ పక్క ఉంది కాబట్టి అన్నాడు. మనల్ని కంబళ్ళతో మురిపించి, రంగునీళ్ళ గొట్టం దగ్గరికి వచ్చేసరికి అలసిపోయేట్టు చేద్దామని అని నేను పోలయ్య చెవిలో అన్నాను. "నీకు వాన పడినా అనుమానమే బావా" అన్నాడు పోలయ్య.

కంబళ్ళు బాగానే ఉన్నాయి. అబద్ధం చెప్పను. నేసిన గుడ్డను ఇనప ముళ్ళున్న రోలర్ల మీద గోకితే నూగు లేస్తుంది, దాన్నే మనం మెత్తదనం అంటాం. అక్కడినుంచి మగ్గాల గదిలోకి పోతే మనిషి మాట మనిషికి వినపడదు. మా ఎముకల్లో మోత. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని మగ్గానికీ మగ్గానికీ మధ్య తిరుగుతున్నారు. తెగిన పోగును నడుస్తున్న మగ్గం మీదే పట్టి ముడి వేస్తున్నారు. వల కట్టేవాణ్ణి కదా, ఆ ముడి వేసే వేగం చూసి కాసేపు నిలబడిపోయాను. దాని వెనక నూలు వడికే గది. దాని వెనక పీచును దువ్వే మెషీన్లు. గాలి నిండా నూగే. అందరం తుమ్ముతున్నాం. కాలువ సంగతి ఎప్పుడని అడిగితే, వస్తోంది పెద్దాయనా, చివర్లో అన్నాడు ప్రసాదు.

చివరి షెడ్డు మూటలు విప్పేది. అక్కడ మా చుట్టుపక్కల పాళేల ఆడవాళ్ళే ఉన్నారు. కింద కూర్చుని, కత్తిపీట ముందర పెట్టుకుని, కోట్లు కోస్తున్నారు. చేపలు కోసినట్టే. గుండీలు తీసి ఒక పక్క, జిప్పులు తీసి ఒక పక్క పడేస్తున్నారు. రమణమ్మ అక్కడే పనిచేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏందమ్మే, చేపలు మానేసినావా" అన్నాను.

"చేపకయితే ఒక్కటే వెన్నుముల్లు మామా. ఈ కోట్లకి రెండు మూడు ఉంటన్నాయి" అని జిప్పు ఒకటి పీకి చూపించింది.

"కంపు లేదులే."

"లేకేం. చేప కంపు కడిగితే పోతాది. ఇది పోదు."

అందరూ నవ్వారు. ప్రసాదు కూడా నవ్వి, మీ ముందరే ఒక మూట విప్పిస్తానన్నాడు. ఆ రోజు కొత్త సరుకు రాలేదని, గోడవారన పేర్చిన పాత మూటల్లోంచి ఒకటి దొర్లించారు. మంచంత పొడుగు మూట, చుట్టూ ఇనప పట్టీలు. పట్టీలు తుప్పు పట్టి ఉన్నాయి. మామూలు కత్తెరకు తెగలేదు. ప్రసాదే ఉలీ సుత్తీ తీసుకుని కొట్టాడు. ఒక్కొక్కటి తెగినప్పుడల్లా మూట ఉబ్బింది. చివరి పట్టీ తెగగానే బట్టలు బయటికి పొర్లాయి. "రంగు లేదు, మందు లేదు, చూసుకోండి" అన్నాడు.

నేను ఆ పట్టీలనూ ఆ తుప్పునూ బాగా చూశాను. కుళ్ళిపోయిన సరుకు తెస్తున్నారని అర్జీలో రాద్దామని చూశాను. తర్వాత అదే నా తల తినేసింది.

ఆడవాళ్ళు రంగులవారీగా బట్టలు విసురుతున్నారు. ఎర్రవి ఒక కుప్ప. ఆ కుప్పను ఒకతను చేతుల్తో ఎత్తి బెల్టు మీద వేస్తున్నాడు. బెల్టు పోయి చింపే మెషీన్ నోట్లో పడుతుంది. మిగతావాళ్ళను పక్క వరండాలో టీ తాగమన్నారు. పోలయ్య గుమ్మం దగ్గర ఆగాడు. నేను రంగునీళ్ళ గొట్టం ఎక్కడుందా అని గోడ వెంబడి చూస్తూ ఎర్రకుప్ప పక్కకు వచ్చాను.

కుప్పలో చిలకపచ్చ అంచు కనిపించింది.

లాగాను. బరువుగా వచ్చింది. చేతుల్లేని స్వెట్టర్, ఇటుకరంగు, మెడ చిలకపచ్చ. అప్పటికీ నేను నమ్మలేదు. ఎర్రదీ పచ్చదీ కలిసిన స్వెట్టర్ ఏ దేశంలోనైనా ఉండొచ్చు. బొటనవేలితో తడిమాను. గరుకు. ముడి, ముడి, ముడి. ప్రతి ముడీ అటుపక్కకే పడుకుని ఉంది.

ఇంకొకటి. అది తడిగా ఉంది. చుట్టూ ఉన్న బట్టలు దుమ్ముకొట్టుకుని, తుప్పు మరకలతో, పెళుసుగా ఉన్నాయి. ఇది మాత్రం నీళ్ళలోంచి తీసి పిండినట్టు ఉంది. వేలు నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. చెమట కూడా ఉప్పే గదా అని మీరు అనొచ్చు. నేనూ నాతో అలాగే అనుకున్నాను.

రమణమ్మా, ఇది చూడు అన్నాను. ఆమె తల ఎత్తింది, చూసింది, తల దించుకుంది. అంతలో ప్రసాదు వచ్చాడు. ఏంది పెద్దాయనా, ఇయ్యండి చూద్దాం అని నవ్వుతూనే నా చేతిలోంచి తీసుకున్నాడు. రెండు చేతుల్తో పట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. దొంగ దొరికిపోయినప్పుడు మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు, అది అలాగే ఉంది. మరుక్షణం దాన్ని బెల్టు మీదికి విసిరేశాడు.

ఆపమని అరిచాను. బెల్టు మీద చెయ్యి వేయబోతే ఇద్దరు నన్ను వెనక్కి లాగారు. మెషీన్ మోత ఒక్కసారి మారింది. ముడులున్న బట్ట కదా, గొంతులో ముల్లు పడినట్టు రెండుసార్లు ఆగి మింగింది. అవతలి పక్కన ఎర్రటి పీచు వచ్చింది. విడిపించుకుని పోయి గుప్పెడు పట్టుకున్నాను. వేడిగా, పొడిగా ఉంది. దాంట్లో పచ్చ పోగులు ఉన్నాయా అని వెతికాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. పీచు అయ్యాక అందరిదీ ఒకటే.

ఆ గుప్పెడు పీచు ఇప్పటికీ నా దగ్గర డబ్బాలో ఉంది. దాన్ని ఎవరికి చూపించి ఏం రుజువు చేయను.

మమ్మల్ని గేటు బయటికి పంపారు. రంగునీళ్ళ గొట్టం చూడనే లేదు. పాళెం పెద్దలు నన్ను తిట్టినంత తిట్టు నేను పుట్టినప్పటినుంచీ తినలేదు. "కాలువ సంగతి తేల్చమని తీసకపోతే పాతగుడ్డలు ఏరుకుంటావా" అన్నారు. పోలయ్యను సాక్ష్యం అడిగాను. "ఎర్రది ఏందో నీ చేతిలో ఉండింది బావా. ఆయన దాన్ని విసిరేసింది చూసినా. అంతవరకే నాకు తెలుసు" అన్నాడు. అది నిజం. అంతకు మించి అతన్ని చెప్పమనడం న్యాయం కాదు.

రమణమ్మ ఇంటికి పోయాను. నేను చూడలేదు మామా అంది. చూశావు, తల దించుకున్నావు అన్నాను. పొయ్యి దగ్గరనుంచి లేవకుండా, "నాకు పని ఉండాల మామా" అంది.

పెంచలమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కర్మకు రోజు పెట్టుకున్న మనిషి. చెబితే మళ్ళీ మొదటికి వస్తుంది. చెప్పకపోతే దాని మొగుడి సంగతి దాని దగ్గర దాచినవాణ్ణి అవుతాను. ఇంకొకళ్ళు దాస్తే అర్జీ రాసేవాణ్ణి, నేను ఎలా దాస్తాను. చెప్పాను.

ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "ముడి యాపక్కకి పడింది నాయనా?"

"నీ పక్కకే" అన్నాను.

తన చేతులు చూసుకుంది. తర్వాత, "ఆ మూట యాడినుంచి వచ్చిందో అడుగు. ఏదయినా ఓడోళ్ళు ఆయన్ని ఎత్తుకుని ఉంటే, యాడో ఒక ఊళ్ళో దించి ఉంటారు. అక్కడ కొత్త బట్టలిచ్చి ఇది పారేసి ఉంటారు. ఆ ఊరేదో తెలవాల. అది తెలిసేదాకా కర్మ వద్దు" అంది.

దాని అత్తగారింటివాళ్ళు నా మీద విరుచుకుపడ్డారు. కళ్ళు కనపడని ముసలాడు కూతురి బతుకు మళ్ళీ ఆపేశాడన్నారు. అత్త మంచంలోంచే నన్ను శపించింది. నేను మిల్లు దారి పట్టాను.

ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పెంచలమ్మ ఉన్ని కొన్న దగ్గరనుంచీ ఆ తడిదాకా అంతా అర్జీలో రాసి గేటు దగ్గర ఇచ్చాను. వాచ్‌మన్ గేటు సందులోంచి సారు లేడు అనేవాడు. లోపల సారు బైకు కనిపిస్తూనే ఉండేది. ఒకసారి ప్రసాదు బయటికి వచ్చి, నా మొహం చూడకుండా, అట్టాంటి స్వెట్టర్ ఏదీ మా మిల్లుకి రాలేదు పెద్దాయనా, ఇంక రావద్దు అన్నాడు. చూసినవాడు చూడలేదంటే దాని వెనక ఏదో ఉంటుంది. నేను కారణాలు వెతకడం మొదలుపెట్టాను.

ఒకటి, పెంచలమ్మ చెప్పినట్టు ఓడ. రెండు, శీనయ్య ఎక్కడో ఒడ్డుకు వచ్చి ఉంటే, ఎవడో ఒంటి మీది బట్ట ఒలుచుకుని పాతగుడ్డల వాళ్ళకు అమ్మి ఉంటాడు. మిల్లు వాళ్ళు ఊళ్ళలో పాతగుడ్డలు కొని, విదేశీ సరుకులో కలుపుతూ ఉంటారు. అది బయటపడుతుందని నోరు మూయిస్తున్నారు. నాకు ఈ రెండోదే గట్టిగా తోచింది. నాయుడుపేట సంతలో పాతగుడ్డలు కొనేవాళ్ళందరినీ అడిగాను. మిల్లు వాళ్ళు మా దగ్గర ఎన్నడూ కొనలేదన్నారు. వాళ్ళనూ నమ్మలేదు.

కానీ ఏ కారణం పట్టుకున్నా చివరికి ఆ ఇనప పట్టీల దగ్గర ఆగిపోయేవాణ్ణి. అవి నా ముందరే తెగాయి. తుప్పు నిన్నటిది కాదు. పట్టీలు కూడా నాటకమే, పాత పట్టీలు తెచ్చి బిగించారు అని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే ఆ తడి ఏంది అని మనసు అడిగేది. వాన నీళ్ళు అనుకుంటే ఉప్పు ఏంది. ఇట్లా మంచం మీద దొర్లుతూ నాతో నేనే పోట్లాడుకునేవాణ్ణి. ఇంతకాలం ఊరందరి భ్రమలూ విప్పినవాణ్ణి, నా ఒక్క ముడి విప్పలేకపోయాను.

మాఘంలో ఒక మిట్టమధ్యాహ్నం ప్రసాదు మా ఇంటికి వచ్చాడు. బైకు సందు మొదట్లో ఆపి, ఇసకలో నడుచుకుంటూ వచ్చాడు. మిల్లు మానేశానన్నాడు. మనిషి చిక్కిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పెంచలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి గుమ్మంలో నిలబడింది. నీళ్ళు తాగాక, నేను అడగకుండానే, అతను జవాబు చెప్పాడు. నా జీవితంలో ఎవరినైనా అంతసేపు మాట్లాడనిచ్చింది అప్పుడే.

ఆ జవాబు విన్నాక పెంచలమ్మ ఏం చేసిందో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ జవాబు తర్వాత నేను రాయగలిగింది ఏమీ లేదు. ఆ సాయంత్రమే అత్తగారింటికి పోయి, కర్మ లేదు, ఈ ఏడు కాదు, ఏ ఏడూ కాదు అని చెప్పి వచ్చింది. బొట్టు తీయనంది. అత్త కాళ్ళు పట్టుకుని క్షమించమని అడిగిందట, మాట మాత్రం మార్చలేదు. ఎందుకమ్మా అని నేను అడిగితే, "నువ్వు విన్నావు, నేనూ విన్నా గదా నాయనా" అంది, అంతే. అది చేసింది ఒప్పో తప్పో నేను తీర్పు చెప్పలేను. అది నమ్మేది నేను నమ్మలేను. నమ్మొద్దని చెప్పడానికి నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు.

ఈ మనిషి కూడా అబద్ధం చెబుతున్నాడేమో అని చాలా ఆలోచించాను. ఎవరికి లాభం ఈ అబద్ధం వల్ల? ఉద్యోగం మానేసినవాడు ఎండలో ఇసకలో నడిచి వచ్చి ఇలాంటి మాట ఎందుకు చెబుతాడు? దీనికి నాకు సమాధానం దొరకలేదు. ఎవరికైనా దొరికితే చెప్పండి, వింటాను. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెద్దాయనా, ఆ మూట యాడిదని గదా మీరు ఇన్నాళ్ళు అడిగింది. అది మేం తెప్పించింది కాదు. పాత ఓనరు మిల్లు మూసేసి పోతా షెడ్లో వదిలేసిన సరుకు. మావోళ్ళు మిల్లు కొన్నప్పుడు ఆ షెడ్డు తాళం తీసింది నేనే. ఆ మూటల మీద దుమ్ము దులిపించింది నేనే. మీ అమ్మాయి ఆ ఉన్ని కొనకముందే, బో ముందే, ఆ మూట ఆ పట్టీల్లో ఉండింది. వాటిని తెంచింది మీ ముందరే. యా దేశంనుంచి వచ్చిందో చెప్పినా, చెప్పకపోయినా, మీకు పనికొచ్చేది ఏం లేదు. దీన్ని ఎవురికి చెప్పాల? ఎట్టా చెప్పాల? అందుకే అట్టాంటిది లేదన్నాను. నాది తప్పే. కానీ మీ మీద కోపంతో దాన్ని బెల్టు మీద ఎయ్యలేదు. తడిగా ఉందన్నారు మీరు. నాకు తడి తెలవలేదు పెద్దాయనా. వెచ్చగా ఉండింది. అప్పుడే ఒంటిమీది నుంచి తీసి ఇచ్చినట్టు. పట్టుకోలేకపోయినాను."